గిరి సారు కారుకు రబ్బరు బుష్షులు

హిందూపురం,
9-3-1998

నాయనకు ముస్తఫా సలాములు. పని ఊడుతుందేమోనని పోయిన కార్డులో రాశాను. ఊడలేదు, దిగులు పడొద్దు.

జరిగింది ఇదీ. పెనుకొండ గిరి సారు తన పాత స్పోర్ట్స్ కారును మా షెడ్డుకు తెచ్చి, చక్రాల దగ్గర కుదుపు ఆపే రబ్బరు బుష్షులు అరిగిపోయాయని తీసేసి, రేసు కార్లకు వేసే గట్టివి బిగించమన్నారు. బండిలో ఇంకెవరు కూర్చుంటారని అడిగాను.

"మాయమ్మ. నడుముకు ఆపరేషన్ అయ్యిండాది. ధర్మవరం ఆసుపత్రికి పిలుచుకపోతాండా" అన్నారు.

"అట్లయితే గట్టివి వద్దు సార్. గుంతల దెబ్బంతా ఆమె నడుముకే తగుల్తాది" అన్నాను.

గిరాకీకి ఎదురు చెప్పానని, పనిలోంచి తీసేస్తానని ఓనరు మండిపడ్డాడు. సారు మాత్రం ఆలోచించి రబ్బరువే వేయించుకున్నారు. నిన్న వాళ్లమ్మే షెడ్డుకు వచ్చి, "ఏమప్పా, ధర్మవరం దాకా నొప్పి తెలీకుండా నిద్రపోయినా" అని నా చేయి పట్టుకుంది. ఓనరు ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు నన్నే పిలుస్తున్నాడు. బండి కంటే ముందు అందులో కూర్చునే మనిషిని చూడమని నేర్పింది నువ్వే కదా నాయనా.

అమ్మ దగ్గు తగ్గిందా? చెల్లి పర్వీన్ పరీక్షలు ఎప్పుడు? నల్లచెరువు నుంచి ఎవరైనా వస్తుంటే నీ చిన్న సుత్తి పంపించు.

గిరి సారు వాళ్లమ్మ పోతూ పోతూ "నిన్ను కన్నోళ్లు చల్లగుండాల" అంది. ఆ దీవెన మీ ఇద్దరిదీ. నా దగ్గర ఉంచుకోకుండా పంపుతున్నాను.

ముస్తఫా