కుడి చేతికి సెలవు

1983 ఆగస్టు 1
రాజోలు డాక్టరుగారు నా మణికట్టు నొక్కి చూశారు. "పెన్ను మరీ ఒత్తి రాసేస్తున్నారండి కృపారావు మాస్టారూ. ఇలాగైతే ఆర్నెల్లలో ఈ చెయ్యి మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తదండి." బాబోయ్! రిటైరయ్యాక మా వీధి గల్ఫు ఉత్తరాలన్నీ రాసేది నేనే మరి.
తీర్మానం: తేలికపాటి లావు పెన్ను. ఒత్తడం బంద్. రోజుకి ఒక్క పేజీ.

ఆగస్టు 2
కొట్లో గంటసేపు ఎంచాను.
సన్న బాల్‌పెన్ను: వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
లావు ఇంకుపెన్ను: ఆహా, వెన్నముద్ద! కొనేశాను. నొప్పి సగం తగ్గినట్టే ఉంది.

ఆగస్టు 4
వెన్నముద్ద కక్కింది. జేబంతా నీలం. "చెయ్యి నెమ్మదించిందాండీ?" అంటూ మా ఆవిడ విజయకుమారి చొక్కా వంక చూసింది. వెటకారం!
బాల్‌పెన్నుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. లావూ అయింది, జారడమూ లేదు. ఏం బుర్ర నాది!

ఆగస్టు 7
ట్యూబు కంపు. ఎదురింటి సూరమ్మ, మస్కట్‌లో ఉన్న మొగుడు గంగయ్యకి నాలుగు పేజీలు చెప్పింది. "ఇంకొక్క ముక్కండి మాస్టారూ, గేదె ఈనిందని రాయండి." గేదె ఈనితే రాయొద్దూ? మణికట్టు బూరెలా పొంగింది.

ఆగస్టు 14
మార్చాల్సింది పెన్ను కాదు, చెయ్యి! గంగయ్యకి ఉత్తరం ఎడం చేత్తో మొదలెట్టబోతే సూరమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యబాబోయ్, ఎడం చేత్తోనాండీ! ఆయన పేరైనా కుడి చేత్తో రాయండి, మీకు పుణ్యముంటది."
సరే. 'మహారాజశ్రీ గంగయ్యగారికి' కుడి చేత్తో, ముత్యాల్లా. మిగతాదంతా ఎడం చేత్తో, కోడి కెలికినట్టు. నొప్పి లేదు! గెలిచాను!

ఆగస్టు 27, మధ్యాహ్నం
మస్కట్ నుంచి టెలిగ్రాం. మా ఆవిడ పేరున. చదివి నాకు అందించింది. "చూసుకోండి. మీరు పోయేరంట."
"నా పేరు రాస్తూనే మాస్టారు ఒరిగిపోయారా? అమ్మగారూ, ధైర్యంగా ఉండండి" అని గంగయ్య.
నా దగ్గర దస్తూరీ దిద్దుకున్నవాడు. నా అక్షరం ఎక్కడ ఆగిందో వాడికి తెలిసిపోయింది. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వబోయి ఏడ్చేశాను.

సాయంత్రం 5.30
వాడు నమ్మాలంటే టెలిగ్రాం చాలదు, నా దస్తూరీ కావాలి. "ఒరేయ్ గంగయ్యా, బతికే ఉన్నానురా" అని కుడి చేత్తో, ఒత్తి ఒత్తి, ఐదు పేజీలు రాశాను. చెయ్యి నిప్పులా మండుతోంది. మా ఆవిడ నవ్వకుండా కాపడం పెట్టింది.

ఆగస్టు 28
ఇవాళ్టి నుంచి కచ్చితంగా ఒక్క పేజీయే. మెత్తటి పెన్ను కోసం అమలాపురం బస్సెక్కుతున్నాను.
ఇది ఎడం చేత్తో రాశాను. చదివినవాళ్లు దయచేసి టెలిగ్రాం ఇవ్వకండి.