లోపల వదిలిన రెండు వేళ్ల గుడ్డ

అత్తా,

ఎట్లా ఉన్నావు? ఇక్కడ నేను, నీ కొడుకు, నీ మనవరాలు జ్యోతి అందరం బాగానే ఉన్నాం. నువ్వు పోయి రెండు సంవత్సరాలు దాటి మూడు నెలలైంది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదని తిట్టుకోకు. నువ్వున్నప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం, ఉత్తరాల అవసరం ఎక్కడొచ్చింది... తిట్లతోనే సరిపోయేది.

ముందు ఒక సంగతి చెప్తాను, కూర్చో. నేను చిక్కిపోయాను. కొంచెం కాదు, నలభై కిలోలు. చివర్లో ఆసుపత్రిలో నిన్ను తూకం వేస్తే నువ్వు ఎంతున్నావో గుర్తుందా? సరిగ్గా నలభై. ఇంట్లోంచి ఒక అత్త పోయింది, ఆ వెనకే నా ఒంట్లోంచి ఇంకో అత్త దిగిపోయింది.

నువ్వు నమ్మవు. మేనకోడల్ని ఏరికోరి కోడలిగా తెచ్చుకుని, నా జాకెట్టు ఆరేసినప్పుడల్లా వీధికంతా వినపడేటట్టు అనేదానివి గదా... "ఏమ్మే, నీ జాకెట్టుకు దండెం వంగిపోతాండాది. దీంట్లో నేనూ మీ మామా ఇద్దరం కాపురం చేయొచ్చు." అంత మాటా అని, మధ్యాహ్నం నా అన్నంలో గరిటెతో నెయ్యి పోసేదానివి. వద్దంటే "తిను మే. తిండికాడ సిగ్గుపడేది యాడ నేర్చుకున్యావు?" అనేదానివి. లావు చేసిందీ నువ్వే, ఎక్కిరించిందీ నువ్వే. నేను ఎవరికి చెప్పుకోవాలి?

నువ్వు పోయిన కొన్నాళ్లకు నాకు షుగరని తేలింది. డాక్టరు బాగా భయపెట్టాడు. నెయ్యి పోసేవాళ్లు కూడా లేకపోయారు. కొర్రన్నం, మజ్జిగ, తెల్లవారగానే హైస్కూలు గ్రౌండులో నడక. మొదట్లో ఒక చుట్టు తిరిగితే ప్రాణం పోయినంత పనయ్యేది. తర్వాత అలవాటైంది. నిజం చెప్పాలంటే షుగరు కోసం కూడా కాదు... పొద్దున్నే లేస్తే వంటింట్లో నీ సణుగుడు వినపడదు. ఆ ఇంట్లో కూర్చోలేక బయటపడేదాన్ని.

ఏమైతేనేం, షుగరు దిగింది. బరువు దిగింది. చర్మం మాత్రం దిగలేదు.

నీతో కాక ఇంకెవరితో చెప్పుకుంటాను? పైన రెండూ పిండి అయిపోయిన సంచుల మాదిరి ఖాళీ అయి, జారి, బొడ్డు పక్కకొచ్చి కూర్చున్నాయి. వాటి కింద చెమట, ఒరిపిడి, పుండ్లు. మన ప్రొద్దుటూరు ఎండల సంగతి నీకు చెప్పాలా? పౌడరు డబ్బాలు కొనీ కొనీ అంగడాయనకు అనుమానం వచ్చింది, ఇంట్లో పసిబిడ్డ ఉందా అని. గ్రౌండులో వడిగా నడిస్తే నేనొక పక్కకు పోతాను, అవొక పక్కకు పోతాయి. నీ పాత నీలం నూలుచీర చింపి, గట్టిగా బిగించి కట్టుకుని కొన్నాళ్లు నడిచాను. చింపినందుకు ఏమీ అనుకోకు. పుండ్లు మాత్రం తగ్గలేదు, చివరికి నడకే మానేశాను.

నడక మానితే షుగరు ఊరుకుంటుందా? మళ్లీ ఎక్కింది. బరువు కూడా మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. ఇంత కష్టపడి దించుకున్నదాన్ని మళ్లీ మోయాలా అని నాకు ఏడుపొచ్చింది అత్తా.

జాకెట్లతో ఇంకో తిప్పలు. నా జన్మలో ఎవరూ నాకు టేపు పెట్టి కొలతలు తీసింది లేదు. పాత జాకెట్టును ఆదిగా ఇవ్వడం, దాన్ని చూసి ఖాజాబీ కొత్తది కుట్టడం, అంతే. నువ్వు పక్కన నిలబడి ప్రతిసారీ చెప్పేదానివి. "ఖాజాబీ, లోపల రెండు వేళ్ల గుడ్డ ఇడిసిపెట్టి కుట్టు. మనిషన్నాక ఒక్క తీరుగా ఉంటాదా?" నీ మాట వమ్ము కాలేదు. ఏటేటా ఆ లోపలి గుడ్డ విప్పుకుంటూనే వచ్చాను. ఇప్పుడు ఆ జాకెట్లలో ఒక్కటీ ఆదికి పనికిరాదు.

ఒకరోజు నీ పెట్టె తెరిచి, పసుపు అంచున్న నీ మెరూన్ జాకెట్టు తీసి వేసుకుని చూశాను. చేతులు పట్టాయి. వీపు పట్టింది. నేను నీ జాకెట్టులో... నువ్వు చూసుంటే దిష్టి తీసేదానివి. ముందు హుక్కులు పెట్టబోయాను. ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఉన్నదంతా కిందనుంచి బయటికొచ్చింది.

దాంతో జ్యోతి సలహా మీద, జారినవాటిని మడిచి లోపలికి దోపి, పైన ఖాళీగా కనపడే చోట స్పాంజీలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. నీ రెండో ఏటి తద్దినం అయిన మరుసటి రోజు అందరం మహానంది పోయాం. అట్లాగే పెట్టుకుని పోయాను. కోనేట్లో దిగానో లేదో, ఒక స్పాంజి జాకెట్టులోంచి తప్పించుకుని పైకి తేలింది. మహానంది నీళ్లు, అడుగున సూది పడినా కనపడే నీళ్లు. తేలేది కనపడదా?

నీ కూతురు, మా వదిన, దాన్ని పట్టుకుని పైకెత్తింది. గిన్నెలు తోమే స్పాంజి దేవుడి కోనేట్లో వేసిందెవరమ్మా, బుద్ధీ జ్ఞానం లేదా అని అక్కడున్న ఆడవాళ్లందరినీ అడిగింది. అందరూ మాది కాదంటే మాది కాదన్నారు. నేను కూడా, ఈ కాలం మనుషులకు శుభ్రత ఎక్కడుంది వదినా అన్నాను. అంటూనే రెండోదాన్ని మోచేత్తో అదిమిపట్టుకుని మెడదాకా మునిగి కూర్చున్నాను. అందరూ గట్టెక్కి పోయేదాకా లేవలేదు. చలికి పళ్లు టకటకలాడుతుంటే, మంత్రం చదువుకుంటున్నానని అనుకున్నారు.

జ్యోతి మాత్రం అంతా చూసింది. కర్నూల్లో ఫార్మసీ చదువుతోంది కదా, నోరు అచ్చం నీదే. ఎన్నాళ్లిట్లా స్పాంజీలు కాపలా కాస్తావమ్మా అంది. బరువు బాగా తగ్గినవాళ్లకు ఎక్కువైన చర్మం తీసేసి, పైకెత్తి కుట్టే ఆపరేషన్ ఉందట. కర్నూల్లోనే చేస్తారట.

ఇంట్లో చెప్పాను. వదిన బుగ్గలు నొక్కుకుని, ఈ వయసులో ఎవరికి చూపించాలని అంది. పుండ్లమ్మా తల్లీ అంటే, పసుపు రాసుకోమంది. నీ కొడుకు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఏమిటో నీకు తెలుసు. ఎరువుల అంగడి మూసి వచ్చి, తిని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వారం రోజులు అదే వరస. నాకు ఒళ్లు మండిపోయింది.

నువ్వుంటే ఏమనేదానివి? అదే తెలియక కొట్టుకున్నాను. జాకెట్టు గుడ్డ రంగు దగ్గర్నుంచి అన్నీ నువ్వే తేల్చేదానివి. మంచి ఒంటి మీద కత్తి పెట్టించుకుంటావా అని తిట్టేదానివా? లేకపోతే నా పంటి నొప్పప్పుడు "దాచుకుంటే రోగం ముదురుతాది మే" అని రెక్క పట్టుకుని లాక్కుపోయినట్టు, ముందు నువ్వే బస్సెక్కేదానివా?

చివరికి కర్నూలు పోయాం. నీ కొడుకు వస్తాడనుకోలేదు. పిలవకుండానే వచ్చి కారు తీశాడు, దారి పొడుగునా నోరు మాత్రం తెరవలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఓపిగ్గా చూసి, కాగితం మీద గీసి చెప్పింది. మచ్చలు ఉంటాయి, పూర్తిగా పోవు అని ముందే చెప్పేసింది. స్పర్శ కొంచెం తగ్గొచ్చట. షుగరు అదుపులోకి రావాలి, బరువు కొన్ని నెలలు ఒకచోట నిలబడాలి, అప్పుడే చేస్తానంది. ఆ తర్వాత అడిగింది, మీకు ఎంత సైజులో, ఎట్లా ఉండాలని ఉందమ్మా అని.

నన్ను ఎవరైనా ఆ మాట అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. సంచిలోంచి నీ మెరూన్ జాకెట్టు తీసి బల్ల మీద పెట్టి, ఇదిగో మేడమ్, ఇది ఆది అన్నాను. ఎందుకు తీసుకుపోయానంటావా? ఏమో అత్తా... కుట్టే పని అన్నారు. ఆది లేకుండా ఎట్లా పోవాలి?

డాక్టరమ్మ జాకెట్టును చూసింది, నన్ను చూసింది. ఇది మీ పాతదా అని అడిగింది. అప్పుడు నోరు తెరిచాడు నీ కొడుకు. మా అమ్మది మేడమ్ అన్నాడు. ఆమె కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. మీ భార్యకు మీ అమ్మగారి సైజు కావాలా అని ఆయన్నే అడిగింది. ఆయన ముఖం నువ్వు చూడాల్సింది. ఎరువుల అంగట్లో రైతుల్ని గదమాయించే మనిషి, కాదు మేడమ్ కాదు మేడమ్ అంటూ లేచి నిలబడిపోయాడు. జ్యోతి గోడకు ముఖం పెట్టుకుంది.

అంతటితో ఊరుకున్నానా? మేడమ్, లోపల రెండు వేళ్లు వదిలి కుట్టండి, రేపు మళ్లీ లావైతే విప్పుకోవచ్చు అన్నాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. చర్మం అవసరమైతే అదే సాగుతుంది, లోపల వదలడం ఉండదమ్మా అంది. ఇంకొకరి ఆది చూసి చేయడం కూడా కుదరదట. నా ఒంట్లో ఉన్నదాన్ని బట్టి, నాకు నప్పేట్టే చేస్తుందట.

నవ్వుతూనే పక్కకు చూశాను. నీ కొడుకు నీ జాకెట్టు మడతపెడుతున్నాడు. మడత కుదరక విప్పుతున్నాడు, మళ్లీ మడుస్తున్నాడు.

బయటికొచ్చాక కారు దగ్గర నిలబడి చెప్పాడు. మా అమ్మను ఇట్లాంటి ఆసుపత్రిలోకే నడిపించుకుని పోతిని, మోసుకుని తెస్తిని, నువ్వు గూడా అట్లే వస్తే నాకెవరుండారు అని. వారం రోజులుగా ఆయన్ని ఎన్ని మాటలు అనుకున్నానో... జనాలు ఏమనుకుంటారోనని అనుకున్నాను, దుడ్లు ఖర్చవుతాయని అనుకున్నాను. అంత లావు మీసాలు పెట్టుకుని, లోపల ఉన్నదంతా భయమే అత్తా. ఇద్దరం కారు పక్కనే నిలబడి కాసేపు ఏడ్చాం. జ్యోతి పోయి టీలు తెచ్చింది.

అప్పుడు ఆయనకు నేనూ నిజం చెప్పాను. పుండ్ల కోసం అని అందరికీ చెప్పింది అబద్ధం కాదు. కానీ అదొక్కటే కాదు. నాకు నన్ను అద్దంలో చూసుకోవాలని ఉంది. నలభై నాలుగేళ్లొచ్చాక ఇప్పుడు మొదటిసారి ఈ ఒళ్లు నేను సంపాదించుకున్నది అనిపిస్తోంది. దాన్ని బాగా ఉంచుకోవాలని ఉంది. భయం నాకూ ఉంది, అయినా చేయించుకుంటాను అన్నాను. ఆయన టీ మొత్తం తాగి, షుగరు దించాలంటే నడవాలి గదా, నేనూ వస్తా పద అన్నాడు.

ఇప్పుడు రోజూ ఇద్దరం గ్రౌండుకు పోతున్నాం. మెత్తటి గుడ్డతో కట్టు ఎట్లా కట్టుకోవాలో డాక్టరమ్మ నేర్పింది, పుండ్లకు మందు రాసింది. నేను రెండు చుట్లు తిరిగొచ్చేసరికి నీ కొడుకు ఒక చుట్టులో సగం తిరిగి, నడుము పట్టుకుని నిలబడి ఉంటాడు. నెయ్యి ఆయనకూ ఎక్కువే పోశావు మరి. షుగరు దిగుతోంది. కార్తీకంలో ఆపరేషన్ అనుకున్నాం. వదిన కూడా తోడుంటానంది. మొన్న ఫోన్ చేసి, ఆ కోనేట్లో స్పాంజి నీదేనా అని అడిగింది. అవునన్నాను. అరగంట నవ్వింది.

నిన్న ఖాజాబీ దగ్గరికి పోయి చెప్పి వచ్చాను. ఆపరేషన్ గాయాలు మానాక వస్తాను, ఈసారి ఆది తీసుకురాను, నా ఒంటి మీద టేపు పెట్టి కొలతలు తియ్యి అని. ఇన్నేళ్లలో మీ ఇంటి ఆడవాళ్లకు టేపు పెట్టిందే లేదు గదమ్మా అని ఆమె నవ్వింది. నీ మెరూన్ జాకెట్టు ఉతికి, ఆరేసి, మళ్లీ నీ పెట్టెలో పెట్టేశాను. దండెం ఏమీ వంగలేదు.

ఒక్కటి మాత్రం నువ్వు చెప్పినట్టే చేస్తాను. లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలే కుట్టమంటాను. మళ్లీ లావవుతానని కాదు అత్తా... ఖాజాబీ కొలతలు తీసేటప్పుడు ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదా. ఇకమీదట నేనే అంటాను.

నీ మేనకోడలు, నీ కోడలు,
అరుణ