సున్నా మీది ముల్లు

నాయనా యోహానూ,

ఇవాళ మన జగ్గయ్యపేట ఇంటికి కరెంటు వచ్చిందిరా! సంతోషం పట్టలేకపోతున్నాను. కరెంటు పనిలో షాకు కొట్టి నిన్ను తీసుకుపోయింది ఎర్తు తీగ వదులు అతుకే కదా, అందుకే స్విచ్ వేసేముందు మన ఇంటి ఎర్తు అతుకు చూద్దామని, నువ్వు అతుకులు పరీక్షించే మీటరు పెట్టె తెరిచాను. నువ్వు పోయాక ఎవరూ తెరవలేదు.

నువ్వు నేర్పినట్టే కొత్త సెల్లు వేసి, మీటరు వైర్ల కొనలు గీకి ఒకదానికొకటి కలిపాను. ముల్లుని సున్నాకి సర్దే మీట తిప్పాలి కదా, అది తిప్పకముందే ముల్లు సరిగ్గా సున్నా మీద నిలిచింది.

"ఎవరు సరిచేసి పెట్టారు బాబాయ్?" అన్నాడు కరెంటు ఇవ్వడానికి వచ్చిన నందిగామ లైన్‌మన్.

"మావాడేనయ్యా," అన్నాను.

కొలిచి చూస్తే ఎర్తు అతుకు గట్టిగానే ఉంది. దీపం వెలగగానే మీ అమ్మ నీ పేరు పెట్టి పిలిచింది.

తర్వాత సెల్లు తీసేశాను. సెల్లు లేకపోతే ముల్లు సున్నా వదిలి వెనక్కి పడిపోతుందని నువ్వే చెప్పావు. పడలేదురా, ఇంకా సున్నా మీదే ఉంది.

పెట్టె మూత వెయ్యను, బాబూ.

నీ నాన్న