పసుపూ కుంకుమా ఒకే పళ్లెంలో

నోక్, ఎలాగున్నావే? రాయడం లేటయిపోనాది, కోపగించకు. కొట్లో బేరాల హడావుడి మరి.

మీ బ్యాంకాక్‌లో ఎర్రచొక్కాల పార్టీకీ పసుపుచొక్కాల పార్టీకీ జరిగిన గొడవల్లో తూటా తగిలి నువ్వు పోయిన రోజు కదా ఈయేల. ఇక్కడ మలేషియా క్లాంగ్‌లో నా కొట్టు పక్కనే నీ టోమ్‌యామ్ సూపు కొట్టు నడుపుతున్న మీ అన్నా తమ్ముడూ వచ్చినారు. నీ ఫోటో ముందర పసుపూ కుంకుమా ఒకే పళ్లెంలో పెట్టినాను. ఎర్రచొక్కాల పార్టీ మీ అన్న, "ఆ పసుపు తీసెయ్యక్కా, పసుపుచొక్కాలోళ్లే సంపినారు" అన్నాడు. "కాదు, మీ ఎర్రోళ్లే" అని పసుపు పార్టీ తమ్ముడు కుంకుమ తీసెయ్యమన్నాడు.

పుట్టింటికెళ్లి, నిమ్మగడ్డి కొనడానికి బజారుకి ఎళ్లినదానివి నువ్వు, ఏ పార్టీ చొక్కా ఏసుకోలేదు. ఆ మాట నేననేలోపే ఇద్దరూ చెరో దారిన ఎలిపోనారు.

నువ్వయితే రెండూ నుదుట పెట్టుకుని, "మా ఇంట్లో చెప్పకక్కా" అని నవ్వేదానివి. పళ్లెం తియ్యలేదు. మళ్లీ ఎప్పుడు కలుద్దామే?