తోళ్ళ గదిలో బూజు

కబేళాలో గాలి పరీక్షకు వచ్చిన మేడంగారికి, తోళ్ళ గదిలో పనిచేసే ఒకామె నమస్కరించి రాసుకున్నది.

మొన్న మీరు, "ఇక్కడ బూజు ఉందా?" అని అడిగారు. మా మేస్త్రీ, "నిన్ననే దులిపించామండీ" అంటూ పైకప్పు చూపించాడు. అక్కడ సాలెగూళ్ళు లేవు, నిజమే. మీరడిగింది గోడలకు నల్లగా పట్టిన బూజు గురించి కదా! మీరొచ్చే ముందే ఆ గోడలు కనిపించకుండా తడి తోళ్ళు మాచేతే వేలాడదీయించాడు.

"పాపం, మాట అర్థం కాలేదేమోనే" అని మా వదిన దగ్గుతూనే ఆయన్ని వెనకేసుకొస్తోంది. నాకు మాత్రం నమ్మకం లేదు.

పేరు రాయలేదు, ఏమనుకోకండి. ఈసారి చెప్పాపెట్టకుండా రండి, తోళ్ళు పక్కకు జరిపి చూడండి. బూజంటే ఏమిటో తెలియని ఆ మేస్త్రీ, మీరొచ్చిన రోజు తప్ప, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఆ గదిలో ఏనాడూ అడుగుపెట్టలేదు.