అరవై ఏడో పుస్తకం

మునిర్కా, ఢిల్లీ
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక

ప్రియమైన నాన్నకి, అమ్మకి,

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా మీ సుగుణ మనసారా చేస్తున్న వందనాలు. ప్రభువు దయవల్ల నేను నిక్షేపంగా ఉన్నాను. మీరిద్దరూ, తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఈ ఉత్తరం నాన్నకి గట్టిగా, నిదానంగా చదివి వినిపించు. ఫోన్‌లో కళ్ల ఆపరేషన్ మాట ఎత్తగానే ఆయన "అక్కడ చలెలా ఉందమ్మా?" అని మాట మార్చేస్తున్నారు. ఉత్తరంతో ఆ పప్పులు ఉడకవు.

చలి బాగానే ఉంది నాన్నా. కప్పుకోవడానికి రజాయి కొనుక్కున్నాను. ఆఫీసులో అందరిదీ హిందీయే, "అచ్ఛా, ఠీక్ హై" అంటూ సగం రోజు గట్టెక్కిస్తున్నాను. అమ్మా, మా ఇంటి ఓనరు దీదీ నీ గోంగూర పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకుని, మర్నాడు గిన్నె పట్టుకుని మళ్లీ వచ్చింది. కాబట్టి ఇంకో సీసా పంపాలి. ఒక్కోసారి సాయంత్రం గదికి రాగానే మీరు గుర్తొచ్చి ఏడుపొస్తుంది, దాచడం ఎందుకు. కానీ గదిలో రోజ్‌మేరి ఉంది కదా, ఎక్కువసేపు ఏడవనివ్వదు. ఆ నెల్లూరు పిల్లే, కేథలిక్కు, కళ్లాసుపత్రిలో నర్సు అని రాశానే, ఆ అమ్మాయే.

నిన్న జరిగింది చెప్పాలి. దేవదానం అంకుల్ క్వార్టర్లో శనివారాలు తెలుగువాళ్ల ప్రార్థన జరుగుతుంది. నిన్న వాక్యం చదివే వంతు నాది. ఆలస్యమైపోతోందని బల్లమీది బైబిలు సంచి భుజాన వేసుకుని పరిగెత్తాను. నాదీ రోజ్‌మేరిదీ ఒకేలాంటి నల్ల జిప్పు సంచులు నాన్నా! తీరా లేచి నిలబడ్డాక తెలిసింది అది తనదని. పోనీ, బైబిలు బైబిలే కదా అని రిబ్బను ఉన్నచోట తెరిచి చదివేశాను.

ఒక ముసలి తండ్రికి కళ్లు పోతాయి. కొడుకు దూరదేశం వెళ్లి మందు తెచ్చి, ఆయన కళ్లకి రాస్తాడు. తెల్లటి పొరలు ఊడి వస్తాయి. తండ్రి కొడుకుని చూసి మెడ పట్టుకుని ఏడుస్తాడు. చదువుతుంటే మీరే కళ్లముందు మెదిలారు. బైబిల్లోని అరవై ఆరు పుస్తకాల పేర్లూ నిద్రలో లేపినా వరసగా చెప్పే ఉపదేశిగారమ్మాయిని, నాకే ఇది ఎక్కడిదో అంతు చిక్కలేదు. అయినా మధ్యలో ఆపితే పరువు పోతుందని చివరిదాకా చదివాను. అందరూ ఆమెన్ అన్నారు. దేవదానం అంకుల్ కళ్లు తుడుచుకుని నోటుపుస్తకం తీశారు.

"బాగా చదివావమ్మా. ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం?"

పేజీ పైన చూశాను. తోబీతు. పైకి చదివి నాలుక కరుచుకున్నాను. ఇంక చూడాలి! అందరూ బైబిళ్లు తిరగేయడమే. అంకుల్ వాళ్ల చిన్నపాప విషయసూచికంతా వేలితో వెతికి, "హై హీ నహీ, పాపా! లేనే లేదు!" అని కేక పెట్టింది.

అంకుల్ ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు, ఆర్డరు కాగితం లేనిదే ఏదీ ఒప్పుకోరు. ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. "జాబితాలో లేనిదాన్ని మనం వాక్యమని ఎలా విన్నామండీ? దానికి ఆమెన్ కూడా అన్నామే! వెనక్కి తీసుకోవచ్చా?" అని మా పాస్టరు అయ్యగారిని అడిగారు.

సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగిన రోజ్‌మేరి నా బైబిలు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం. సంగతి విని, "మాకు ఉందండీ అంకుల్. మా అమ్మమ్మ పెళ్లిలో కూడా ఆ పుస్తకంలోంచే చదివారు," అంది.

అయ్యగారు నవ్వి అందరినీ కూర్చోబెట్టారు. "యూదుల హెబ్రీ లేఖనాల్లో ఉన్నవే మన ప్రొటెస్టెంట్లు పాత నిబంధనగా ఉంచుకున్నారు. తొలి క్రైస్తవులు ఎక్కువగా చదివింది ఆ లేఖనాల గ్రీకు ప్రతి. అందులో ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి, కేథలిక్కులు వాటినీ ఉంచుకున్నారు. మన పెద్దల్లోనూ కొందరు ఇవి చదవడం మంచిదే, వీటిమీద సిద్ధాంతం మాత్రం కట్టొద్దు అన్నారు. కొత్త నిబంధన ఇద్దరికీ ఒకటే. ఒక్కో పుస్తకం యేసు శిష్యులైన అపొస్తలుల దగ్గర్నుంచి వచ్చిందా, ముందునుంచీ నమ్మినదానికి సరిపోతుందా, సంఘాలన్నీ చదువుతూ వచ్చాయా అని చూశారు."

"అంటే ముందు జాబితా ఆర్డరు వచ్చిందా, పుస్తకాల సర్వీసు మొదలైందా?" అన్నారు అంకుల్.

"సర్వీసే ముందు అన్నగారూ! జనం చదివి, అందులో దేవుని స్వరం విన్నారు. ఆర్డరు తర్వాత వచ్చింది."

అందరం పడి పడి నవ్వాం. అంకుల్ కూడా నవ్వి, నోటుపుస్తకంలో ఆ పేరు రాసుకుని పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టుకున్నారు. ఆమెన్ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆంటీ రోజ్‌మేరికి పులిహోర రెండుసార్లు వడ్డించింది.

ఇప్పుడు అసలు మాట. అమ్మా, ఇక్కడ ఆగి ఆయన లేచి వెళ్లిపోలేదు కదా చూడు. నాన్నా, రోజ్‌మేరి వాళ్ల డాక్టరుగారితో మాట్లాడింది. మీవి శుక్లాలే, తీసేస్తే చక్కగా కనిపిస్తుందట. చలి తగ్గగానే రమ్మన్నారు. గది ఉంది, నేనున్నాను, పక్కన నర్సు ఉంది. "అరవై ఆరూ నాకు కంఠతా వచ్చు, ఇంక చదివేదేముంది, కళ్లెందుకు?" అని రెండేళ్లుగా అందరి నోళ్లూ మూయిస్తున్నారు. అది భక్తి కాదు నాన్నా, కత్తి అంటే భయం. నాకు తెలుసు. నాకూ భయమే. కానీ నేను బయల్దేరిన రోజు స్టేషన్లో మీరు నా మొహం కాక పక్కావిడ మొహం వైపు చూసి దీవించారు. ఆ రోజు రైల్లో దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను.

పెద్దమ్మకి, సంఘంలో అందరికీ నా వందనాలు చెప్పండి. తమ్ముణ్ణి బుద్ధిగా చదువుకోమనండి, వచ్చేటప్పుడు వాడే మిమ్మల్ని రైల్లో తీసుకురావాలి.

మీరిప్పుడు ఏమంటారో కూడా తెలుసు. "ఆ పుస్తకం మన లేఖనం కాదు" అంటారు. కావచ్చు. కానీ "ఎవరో చెప్పారని అవుననొద్దు, కాదనొద్దు, తెరిచి చదివి చూడండి" అని సండేస్కూల్లో మాకు నేర్పింది మీరే. ఆ పుస్తకం ఇక్కడ నా గూట్లో ఉంది. అది మీకు కంఠతా రాదు. ఎవరూ చదివి వినిపించరు, రోజ్‌మేరి చేత, అయ్యగారి చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. అది లేఖనమో కాదో మీరే వచ్చి, మీ కళ్లతో చదివి తేల్చండి.

మీ దీవెన ఈసారి నా మొహం చూసి ఇవ్వాలని కోరుకుంటూ,

మీ కూతురు
సుగుణ