రెండు వందల చెంచాలు

అమ్మకు,
నేను బాగానే ఉన్నాను, ముందు ఆ ఏడుపు ఆపు. పక్క మీద వాలగానే గుండె దడదడమంటోందని నేను అక్కకు రాసింది నిజమే. అంతమాత్రానికే నాకు గుండెజబ్బని ఊరంతా టాంటాం వెయ్యమని అక్కకు ఎవరు చెప్పారు?

డాక్టరు రెండుసార్లు పరీక్ష చేసి గుండె గుండ్రాయిలా ఉందన్నాడు. "టీ ఎక్కువ తాగుతారా?" అంటే, "అసలు అలవాటే లేదండీ" అన్నాను. మూడోసారికి గానీ "ఏం ఉద్యోగం మీది?" అని అడగాలని తోచలేదు ఆ మహానుభావుడికి. టీపొడి కంపెనీలో రుచి చూస్తానని, రోజుకు రెండు వందల కప్పుల్లోంచి ఒక్కో చెంచా అని చెప్పాను. "ఉమ్మేస్తారు కదా?" అన్నాడు. మింగేస్తానని ఒప్పుకున్నాను.

ఇక్కడ అందరూ ఉమ్మేస్తారమ్మా. అందుకే కాళ్ల దగ్గర బకెట్టు పెట్టారు. నా వల్లే కావడం లేదు. చిన్నప్పుడు చేదు మందు ఉమ్మినందుకు "నోట్లోకెళ్లింది లోపలికే పోవాలి" అంటూ గరిటె తిరగేసి వాయించావు చూడు, ఇప్పటికీ బకెట్టు వైపు వంగితే గరిటెతో నువ్వే కనిపిస్తున్నావు.

వంటింటి తలుపు గడియ బిగించారా? నాన్న కళ్లజోడు మార్చుకున్నారా? అక్కను కాస్త నోరు అదుపులో పెట్టుకోమను.

నువ్వు మాత్రం వెంటనే జవాబు రాయి. పథ్యాలూ, చిట్కాలూ ఏమీ వద్దు. "ఉమ్మెయ్యవే" అని నీ చేత్తో ఒక్క ముక్క రాస్తే చాలు, బకెట్టు పైన గోడకు అంటించుకుంటాను.

నాన్నకు నమస్కారాలు.
నీ చిన్నది